మూఁడు తరముల తలకట్టు

గడచిన నూటయేఁబది సంవత్సరములలో తెలుగుదేశపు ఇండ్లలో పెద్దలకును పిన్నలకును నడుమ నడచిన వివాదములను లెక్కింపఁబూనినచో, దైవమున్నాఁడా లేఁడా యన్న ప్రశ్నకన్నను, రాజ్యము ఎవరిదై యుండవలెనన్న ప్రశ్నకన్నను, కుమారుని తలవెండ్రుకలు ఎంత పొడవుండవలెనన్న ప్రశ్నయే ఎక్కువ యిండ్లలో తల్లిదండ్రులకు అన్నము సహింపకుండఁ జేసినదని నా నమ్మకము. ఇది అల్పవిషయముగాఁ గనఁబడును. కాని యువకుల నడవడినిగూర్చి వృద్ధులు పలికిన నిష్ఠురములలో ఏ భయము దాఁగియున్నదో చూడఁగోరువారికి ఇంతకన్న తేటయైన సాక్ష్యము వేఱొకటి లేదు. మనస్సులో మాఱిన విశ్వాసమును కుమారుఁడు తండ్రికిఁ దెలియకుండ ఏండ్లతరబడి దాఁచుకొనఁగలఁడు. మాఱిన తలను దాఁచుకొనలేఁడు. కళాశాలనుండి సెలవులకు వచ్చిన పిల్లవాఁడు గడప దాఁటిన క్షణముననే అది తండ్రి కంటఁ బడును.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ మన పల్లెలలో పురుషుఁడు వెండ్రుకలు కత్తిరించుకొనుట చాల అరుదు. బ్రాహ్మణులు నొసటిపైనను కణఁతలపైనను గొరిగించుకొని గోష్పదమాత్రమగు శిఖను నిలుపుకొనుచుండిరి. కర్షకులును వర్తకులును వెండ్రుకలు పెంచి, ఆముదమో మంచినూనెయో రాచి, వెనుకకు దువ్వి ముడివైచుకొనుచుండిరి. తలకట్టును జూచి కులమును పోల్చుకొనఁగలిగిన కాలమది. జుట్టు పూర్తిగా తీయించుకొనుట తండ్రి పోయినపుడో, కొండకు మ్రొక్కు చెల్లించునపుడో జరుగవలసిన పని. కారణము లేక తీయించుకొనుట అశుభము. శిఖ ముడివేయనివాఁడు చేసిన కర్మ చేయనిదానితో సమానమని స్మృతులు చెప్పుచుండుటచే వైదికుల యిండ్లలో ఇది వట్టి యలంకారవిషయమై యుండలేదు. సంధ్యావందనమునకు శిఖ కావలెను. అన్నింటికన్న ముఖ్యముగా, తండ్రికిఁ బిండము పెట్టు చేతులకు పైని శిఖ యుండవలెను. ఈ యొక్క సంగతిని మనసున నుంచుకొన్నచో, తరువాతి కాలమున వృద్ధులు పలికిన పరుషవాక్యములు అన్నియు వేఱొక విధముగా వినఁబడును.

ఆ తలకట్టును కాపాడుచుండినవాఁడు క్షురకుఁడు. అతఁడు ఇంటికే వచ్చెడివాఁడు. పొదిలో మంగలికత్తి, దానిని పదును పెట్టుటకు సానరాయి, తోలుపట్టె, గోరుగల్లు, అరచేతిలో ఇమిడెడు అద్దము, నీళ్లగిన్నె యుండెడివి. పెరటిలో నూతిగట్టునకు దూరముగా యజమానుఁడు గొంతుకూర్చుండఁగా, అతఁడును ఎదుట గొంతుకూర్చుండి, సబ్బన్నమాట లేకుండ చన్నీళ్లతోనే వెండ్రుకలను చేతివ్రేళ్లతో నానునట్లు తడిపి, ఊరి వార్తలన్నియు చెప్పుచు, కత్తి నడపెడివాఁడు. మంగళ, శుక్ర, శనివారములలో ఆ పని లేదు, అమావాస్యనాఁడు లేదు, భార్య గర్భవతియైనవాఁడు దీక్ష వహించి నెలలతరబడి గొరిగించుకొనఁడు. పని ముగిసిన పిమ్మట స్నానము చేయనిదే లోనికిఁ బోరాదు. కూలి నాణెములలో లేదు. పంట నూర్చిన కళ్లములో ఇచ్చు మేరయే అతని జీవనము. పెండ్లిలో సన్నాయి యూఁదువాఁడును, వ్రణమునకుఁ గత్తి పెట్టువాఁడును అతఁడే. అతని యింటి స్త్రీలే పురుడు పోయు మంత్రసానులు. ఊరిలో ప్రతి తలయు పుట్టినది మొదలు కాటికిఁ బోవువఱకు అతని కుటుంబపు చేతులలోనే యుండెను. అయినను అతని స్పర్శ స్నానముతోఁ గడుగుకొనవలసినదిగానే నిలిచెను. మన పూర్వాచారములలో నేను ఎంత యోచించినను సమర్థింపలేకపోయిన అన్యాయములలో ఇది యొకటి.

క్రాపింగు ఇంగ్లీషు చదువుతో వచ్చెను. 1843లో బందరున నోబిలు దొర పాఠశాల పెట్టెను. 1853లో రాజమహేంద్రవరమున దొరతనమువారి పాఠశాల వెలసి, 1873లో కళాశాలయయ్యెను. 1857లో విజయనగరమున మహారాజు పాఠశాల నెలకొల్పెను. బందరు పాఠశాలలో 1852లో విద్యార్థు లిరువురు క్రైస్తవమును స్వీకరింపఁగా ఊరు అట్టుడికినది. తండ్రులు పిల్లలను మానిపించివైచిరి. ఆ తరమువారి చెవులలో ఆ కలకలము చాలకాలము మ్రోగుచుండెను. కావుననే, తరువాతి దశాబ్దములలో కుమారుఁడు శిఖ తీసివైచుకొని వచ్చినపుడు తండ్రి చూచినది క్రొత్త వేషమును గాదు. మతము మాఱి ఇల్లు విడిచిపోవు కుమారునిఁ జూచెను, తన శ్రాద్ధదినమున ఖాళీగా నుండఁబోవు పీటను జూచెను. 'దొరల వేషము' అని బిగ్గరగాఁ దిట్టినను లోపల నున్న దుఃఖము ఇది. ముసలివారు తమ భయమును పేరుపెట్టి చెప్పుకొనలేదు. దానికి బదులు వెండ్రుకలను నిందించిరి.

కొడుకులకును ఈ సంగతి తెలియకపోలేదు. అందుచేతనే ఆ నడిమికాలమున ఒక విచిత్రమైన రాజీ పుట్టినది: ముందువైపు క్రాపు, వెనుక సన్నని పిలక. కచేరికిఁ బోవునపుడు పిలక తలపాగాలోనో టోపీలోనో అణఁగియుండును; ఇంటికి వచ్చి మడి కట్టుకొన్నపుడు అది బయటఁబడి ముడిఁబడును. ఆ కాలపు ఛాయాచిత్రములలో కోటు తొడిగి, మెడగుండీ పెట్టుకొని, చెవుల వెనుకనుండి పిలకకొన కనఁబడు గుమాస్తాలను, వకీళ్లను, ఉపాధ్యాయులను చూచినపుడు నాకు గౌరవమే కలుగును. వారు ఇద్దఱు యజమానులను తృప్తిపఱుపఁజూచిరని కొందఱందురు. తండ్రి మనసు నొవ్వకుండ తమ కాలములో తాము బ్రతుకఁజూచిరని నేనందును.

క్రాపు క్షురకుని వృత్తిని గూడ మార్చివైచెను. కత్తి చేయఁజాలని పని కత్తెరయు, దువ్వెనయు, చేతి క్లిప్పరును చేయవలసివచ్చెను. గొంతుకూర్చున్నవాని తల చుట్టును తిరిగి సమముగాఁ గత్తిరించుట కుదరదు గనుక కుర్చీ వచ్చెను. కుర్చీకి ఎదుట నిలువుటద్దము వచ్చెను. వానితో బజారున సెలూను వచ్చెను. అచ్చట మేర లేదు, తిథివారములు లేవు. చేసినపనికి అప్పటికప్పుడే కాసులు. పెరటిలో యజమానుని యెదుట నేలపైఁ గూర్చుండిన వృత్తికాఁడు ఇచ్చట నిలువఁబడి, యజమానుని కూర్చుండఁబెట్టి, 'తల వంచుఁడు' అని చెప్పఁగలిగెను. వృద్ధులకు ఈ మార్పు నచ్చకపోవుటలో ఆశ్చర్యము లేదు. ఎవరెవరో కూర్చుండి లేచిన కుర్చీ, ఎవరెవరి తలనో తాఁకిన దువ్వెన, స్నానమునకు నీళ్లు లేని బజారు! వారి నిష్ఠురములో మడి భంగమైనదన్న బాధ యెంతయో, ఊరి కట్టుబాటులో ఒకఁడు తన చోటు విడిచి లేచి నిలిచెనన్న కోపమును అంతయే. ఆ కుర్చీయైనను అందఱికిని ఒక్కమాఱుగా దక్కలేదు. అంటరానివారని ఊరివెలుపల నుంపఁబడినవారికి పల్లెలలో ఆ కత్తియు నిరాకరింపఁబడెను, పెక్కుచోట్ల ఆ కుర్చీయు నిరాకరింపఁబడెను.

ఇఁక నేను చెప్పవలసిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. కుమారుని తలపైఁ గత్తెర పడరాదని అంతగా వ్యథపడిన ఆ గృహములలోనే, ఆ పెద్దలలోనే, భర్త పోయిన కోడలి తలపైఁ గత్తి పడితీరవలెనన్న పట్టుదల యుండెను. పదునాలుగేండ్లు నిండని బాలికలు సయితము ఆ పెరటిలోనే, ఆ గొంతుకూర్చుండుచోటనే, ఆ చన్నీళ్లతోనే తమ కేశములను కోలుపోయిరి. ఒక తలపై వెండ్రుకలు వంశమునకు రక్ష, మఱొక తలపై వెండ్రుకలు వంశమునకు కళంకము! కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో 'వివేకవర్ధని' స్థాపించి వ్రాసిన వ్రాఁతలలోను, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున జరిపించిన మొదటి వితంతువివాహములోను పోరాడినది ఈ వైపరీత్యముతోనే. ఆ వివాహమునకు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసాహాయ్యము చేసిరి, కళాశాల విద్యార్థులు కొందఱు పంతులుగారికి అండగా నిలిచిరి, పెద్దలు వెలివైచిరి. యువకులు చెడిపోయిరని పెద్దలు గోలపెట్టిన ఘట్టములలో ఇది మొదట లెక్కింపఁదగినది. ఆ పిల్లల తలలపైఁ బిలక యున్నదో లేదో ఎవరికిఁ గావలెను? ఆ రాత్రి వారు నిలిచిన చోటు మంచిచోటు.

ఆ కాలమున నిందలు ఒకవైపునుండియే సాగినవని తలంపరాదు. పెండ్లిండ్లలో భోగముమేళములు పెట్టించుట పెద్దల గౌరవచిహ్నమై యుండఁగా, వానికిఁ బోమని ప్రతినపట్టినవారు యువకులు. కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు 1904నుండి అధ్యక్షులై యుండిన రఘుపతి వెంకటరత్నము నాయుఁడుగారు శీలమునుగూర్చి బోధించిన బోధలు ఎందఱో విద్యార్థులను తమ తండ్రుల వినోదములకు న్యాయాధిపతులుగాఁ జేసెను. కొడుకు క్రాపును తండ్రి నిందించుచుండఁగా, తండ్రి సానిమేళమును కొడుకు నిందించుచుండెను. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చుపడిన 'కన్యాశుల్కము'లో గురజాడ అప్పారావుగారు ఈ రెండు నిందలను ఒక్క రంగస్థలముమీఁద నిలిపిరి: శిష్యునకు చుట్ట కాల్చుట నేర్పు గిరీశము ఒకవైపు, ఇంగ్లీషు చదువుపై మండిపడుచు కూఁతుండ్రను అమ్ముకొను అగ్నిహోత్రావధానులు మఱొకవైపు. ఎవనిని నమ్మవలెనో ఆయన మనకుఁ జెప్పలేదు.

పొగాకు విషయమును, కాఫీ విషయమును క్లుప్తముగాఁ జెప్పి విడిచెదను. లంకపొగాకు చుట్టయు, పండితుల నస్యమును ఎవరికిని దోషములుగాఁ దోఁచలేదు. సిగరెట్టు మాత్రము కుఱ్ఱవాండ్ర పాడుబుద్ధియయ్యెను. 1920 ప్రాంతమున గుంటూరు సీమలో వర్జీనియాపొగాకు సేద్యము మొదలై, ఆ సిగరెట్టునకుఁ గావలసిన ఆకు తమ చేలలోనే పండి, డబ్బు చేతఁబడిన తరువాత ఆ నింద క్రమముగా మెత్తఁబడెను. కాఫీయును అంతియే. ఉదయమున చల్దియన్నము తిని పనికిఁ బోవలసిన పిల్లలు నల్లనీళ్లు త్రాగి కడుపు మాడ్చుకొనుచున్నారని వాపోయిన ముదుసళ్లే, ఇరువది యేండ్లు తిరుగకమునుపే, గ్లాసు చేతికి రానిదే పక్కదిగుట మానివైచిరి.

1921లో మాత్రము ఈ కథ నన్ను కదలించు మలుపు తిరిగినది. మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమాయెను. ఆ సంవత్సరమున సహాయనిరాకరణపు పిలుపు విని పెక్కుమంది విద్యార్థులు కళాశాలలు విడిచిరి. నలువది యేండ్లుగా కోటును, బూట్లను, క్రాపును తిట్టిన యిండ్లలోనికి కుమారుఁడు ముతక ఖద్దరు కట్టి, వట్టికాళ్లతో, చేత రాట్నముతో వచ్చెను. దొరల వేషము పోయినది, తండ్రులు సంతోషింపవలసినదే. సంతోషింపలేదు. ఆస్తి తాకట్టు పెట్టి చదివించిన చదువు, రాఁబోవు ఉద్యోగము, దానిపై ఆధారపడిన చెల్లెలి పెండ్లి, అన్నియు ఆ ఖద్దరుతోఁ గూలిపోయినవి. కొడుకు ఇంగ్లీషువాఁడై పోవునేమో యని యేడ్చిన తండ్రి, కొడుకు ఇంగ్లీషువానిని విడిచివచ్చెనని యేడ్చెను. ఈ తండ్రిని పరిహసించువారితో నేను చేరఁజాలను. అతఁడు ఎన్నఁడును వేషమునుగూర్చి మాటాడియుండలేదు. ముసలితనమున తన కెవరు దిక్కని అడుగుచుండెను.

అదే దశాబ్దమున తలకట్టు మరల మాఱెను. పిఠాపుర సంస్థానకవులైన దేవులపల్లి సోదరుల యింటఁ బుట్టిన కృష్ణశాస్త్రిగారి 'కృష్ణపక్షము' 1925లో వెలువడెను. ఆయన గిరజాలజుట్టు ఆ కవిత్వముతోపాటు ఊరూరను తెలిసినదయ్యెను. భావకవులు వెండ్రుకలు పెంచి భుజములపై విడిచిరి. క్రాపులవారి క్రాపును తిట్టిన తండ్రులు అప్పటికిఁ గాలముచేసిరి. ఇప్పుడు పొడవు జుట్టును తిట్టినవారు ఆ క్రాపులవారే! తాతల తలలపై నుండిన పొడవే మనుమల తలలకు వచ్చినను, అది ముడిఁబడక విడిఁబడి యుండుటయే నేరమాయెను. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి 'సాక్షి' వ్యాసములలో జంఘాలశాస్త్రి నోట వెలువడిన ఉపన్యాసములు, ముఖ్యముగా స్వభాషను చులకన చేయు చదువరులపై ఆయన కురిపించిన యాగ్రహము, ఆ తరపు పెద్దల మనస్సునకు ఉత్తమమైన ప్రతినిధులు. అందలి నింద ప్రేమనుండి పుట్టినది గనుకనే నేఁటికిని చదువఁబడుచున్నది.

తరువాతి కాలము మనయెదుటనే నడచినది. 1970 దాఁటిన పిమ్మట చెవులు కప్పు హిప్పీజుట్టును, బెల్‌బాటం లాగులను వేసికొని తండ్రులచేఁ దిట్లు తిన్నవారు నేఁడు తాతలై, మనుమల చేతులలోని సెల్‌ఫోనును తిట్టుచున్నారు. వారియొద్దఁ గూర్చుండి తీరికగా విన్నచో, ఆ మాటలలో ఫోనును గూర్చినవి కొన్నియే. భోజనమువేళ ఎవరును తమ ముఖము చూచి మాటాడుట లేదన్నదే తఱచుగా వినఁబడును. 1880నాఁటి వృద్ధునకు ఆ మాట నోట రాలేదు, వీరికి వచ్చుచున్నది. ఇది అభివృద్ధియే.

ఆ పూర్వుల భయములలో శ్రాద్ధమును గూర్చినది నిజము కాలేదు. క్రాపు పెట్టిన కొడుకులే పిండములు పెట్టిరి. పురోహితులు తలవైపు చూడక మంత్రము చెప్పిరి. ఆ పురోహితుల కొడుకులలో పెక్కుమందికిని క్రాపే వచ్చెను. ఇప్పుడు వైదికుల యిండ్లలో ఉపనయనమునాఁడు వటువునకు గొరిగించి చిన్నశిఖ నిలుపుదురు, ఛాయాచిత్రములు తీయుదురు, బడి తెఱచులోపల తల్లియే పిల్లవానిని సెలూనునకు తీసికొనిపోవును. తాతగారు ఎదురు చెప్పరు. కొన్ని యిండ్లలో డబ్బులిచ్చి పంపువారును ఆయనయే. కోడలి తలపైఁ బడిన కత్తి మాత్రము, ఎవరును తిరిగి రమ్మని కోరని ఆచారములలోఁ గలిసిపోయినది.