మీ గోడకి ఎన్ని పొరలు?

ఇల్లు కొన్న ప్రతి సాఫ్ట్‌వేరు వాడికీ ఒక మూడు నెలలపాటు పెయింటు కేటలాగే పారాయణ గ్రంథం. ఐవరీకీ ఆఫ్‌వైట్‌కీ తేడా ఏమిటని రాత్రి పన్నెండు దాకా వాదించుకునే మొగుడూ పెళ్ళాలు నాకు నాలుగిళ్ళల్లో తెలుసు (మా ఇంటితో కలిపి ఐదు). "ఇందులో మంచి క్వాలిటీ ఏదండీ?" అని అడిగితే షాపాయన ధర ఎక్కువున్న డబ్బా చూపిస్తాడు, పెయింటు మేస్త్రి తనకి అలవాటైన డబ్బా చూపిస్తాడు. మనం ఏదో ఒకటి కొనేసి గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకుంటాం.

ఈ "మంచి క్వాలిటీ" అనే మాట వెనకాల చాలా చరిత్ర ఉంది. ఆ మధ్య కొన్నాళ్ళు ఇదే పనిగా చదివాను. చదివాక నాకర్థమైంది ఒక్కటే. కొన్ని వందల ఏళ్ళపాటు అన్నిటికన్నా మంచి పెయింటు అని జనం దేన్నయితే అన్నారో, అన్నిటికన్నా విషం కూడా అదే. బీదవాడి గోడ మీదున్న సున్నమే నయం.

సున్నంతోనే మొదలుపెడదాం. సంక్రాంతి ముందు ఇంటికి వెల్ల వేయడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. డ్రమ్ములో సున్నపురాయి వేసి నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికేది, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. చల్లారాక వడకట్టి, కాస్త బంకా చిటికెడు నీలిమందూ కలిపి కుంచెతో కొట్టేవాళ్ళు. తడి మీద చూస్తే "ఏం వేశాడ్రా వీడు" అనిపించేది, ఆరాక తెల్లగా మెరిసేది. అందులో ఉన్న కెమిస్ట్రీ చాలా చక్కటిది. గోడ మీద తడిసున్నం గాల్లోని కార్బన్ డయాక్సైడుని పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారిపోతుంది. అంటే గోడకి మనం వేసేది రంగు కాదు, పల్చటి రాతి పొర. తడిసున్నానికి క్షార గుణం విపరీతం కాబట్టి బూజూ పురుగూ దగ్గరికి రావు. లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన బొమ్మలకి అడుగునున్నదీ సున్నపు గచ్చే.

ఇక నీలిమందు. తెల్లదనం రావాలంటే నీలం కలపాలన్న కిటుకు మన అమ్మమ్మలకి ఎవరూ కలర్ థియరీ చెప్పకుండానే తెలుసు. ఆ నీలం మాత్రం ఒకప్పుడు అఫ్గానిస్తాన్ నుంచి వచ్చే లాజవర్ద రాయిని నూరితే వచ్చేది, అది రాజులకీ చర్చిలకీ తప్ప ఇంకొకళ్ళకి అందేది కాదు. 1824లో ఫ్రాన్సులో ఒక సంఘం, దీన్ని చవగ్గా తయారుచేసిన వాళ్ళకి ఆరువేల ఫ్రాంకులు బహుమతి అని ప్రకటించింది. 1828లో గిమే అనే ఆయన ఆ డబ్బు పట్టుకెళ్ళాడు. మన పెంకుటింటి గోడలో కలిసిన నీలం వెనకాల అంత పోటీ నడిచింది!

సరే, సున్నానికి లోపాలు లేవని కాదు. గోడకి ఆనుకుంటే వీపంతా తెల్లబడుతుంది, తడి గుడ్డతో తుడవలేం, ఏడాదికోసారి మళ్ళీ వేయాలి. కాస్త డబ్బున్నవాళ్ళు అందుకే వేరేది వెతుక్కున్నారు. యూరప్‌లో దొరికినదాని పేరు వైట్ లెడ్, అంటే సీసపు తెలుపు. సీసపు రేకుల్ని వెనిగరు కుండల్లో పెట్టి, చుట్టూ పేడ పేర్చి, ఆ వేడిలో కొన్ని వారాలు మగ్గబెడితే రేకుల మీద తెల్లటి పొడి కడుతుంది. వెనిగరూ సీసంతో ఈ తెలుపు చేయడం రోమన్లకే తెలుసు. ఈ పొడిని అవిసె నూనెలో కలిపితే వచ్చే పెయింటుకి సాటి లేదు. ఒక్క కోటుతో కింద ఉన్నదంతా కప్పేస్తుంది, పగలదు, వానకి చెదరదు. (కోటంటే రూపాయలు కాదండోయ్. ఇప్పటి రేట్లు చూస్తే ఆ అనుమానం రావడం సహజమే :-)) సున్నపు పొడిని అదే నూనెలో కలిపితే గాజులాగా పారదర్శకమైపోతుంది, ఏమీ కప్పదు. అందుకే "మా పెయింటులో అసలైన సీసం ఉంది" అన్నది అప్పట్లో ప్రకటనల్లో గొప్పగా చెప్పుకునే మాట.

ఆ మాటలోని అపాయం మొదట గట్టిగా పట్టుకున్నది ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో. 1890ల్లో బ్రిస్బేన్ డాక్టర్లకి ఒక వింత కనిపించింది. చిన్నపిల్లలు కడుపునొప్పితో వస్తున్నారు, కొందరికి కాళ్ళూ చేతులూ పడిపోతున్నాయి, కొందరికి చూపు పోతోంది. పరీక్షిస్తే సీసం. ఆ సీసం ఎక్కణ్ణుంచి? నీళ్ళ ట్యాంకులా, బొమ్మలా అని ఏళ్ళ తరబడి వెతికారు. 1904లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు తేల్చి చెప్పాడు, గోడలకీ వరండా కటకటాలకీ వేసిన పెయింటే కారణమని. అక్కడ ఎండ మన ఎండలాంటిదే. ఎండకి పెయింటు పొడిబారి చేతికంటుకుంటుంది. పిల్లలు ఆ కటకటాలు పట్టుకుని ఆడతారు, అవే వేళ్ళు నోట్లో పెట్టుకుంటారు. అంతే! ఆయనతోపాటు ఈ పోరాటం చేసిన జెఫరిస్ టర్నర్ అనే పిల్లల డాక్టరు సీతాకోకచిలుకల మీద కూడా పెద్ద పండితుడట. చిన్న చిన్న వాటిని ఓపిగ్గా చూసే అలవాటు ఇక్కడ పనికొచ్చిందేమో.

గిబ్సన్ మాట తోటి డాక్టర్లే చాలామంది నమ్మలేదు. పిల్లలకి అందే చోట సీసపు పెయింటు వేయకూడదని క్వీన్స్‌లాండ్‌లో చట్టం రావడానికి 1922 దాకా పట్టింది. ఈలోపు ఫ్రాన్సు 1909లోనే చట్టం చేసింది, అదీ పిల్లల కోసం కాదు, జబ్బు పడుతున్న పెయింటర్ల కోసం. 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందం తెచ్చింది. కొన్ని మినహాయింపులు తప్ప, ఇళ్ళ లోపలి గోడలకి సీసపు తెలుపు వాడొద్దని. ఈ 1921ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

అమెరికా ఆ దారికి రాలేదు. అక్కడ నేషనల్ లెడ్ కంపెనీ, చేతిలో కుంచె పట్టుకున్న డచ్ పిల్లాడి బొమ్మని తన గుర్తుగా పెట్టుకుని, 1920ల్లో పిల్లలకి రంగులేసుకునే పుస్తకాలు పంచింది. అందులో సీసం అందరి నేస్తం. సీసపు పెయింటుని ఇళ్ళలో నిషేధించింది 1978లో.

మనవాళ్ళకి ఈ 1978 అంకె వేరే రకంగా పరిచయం. నేను న్యూజెర్సీలో ఉన్నప్పుడు ఒక పాత అపార్ట్‌మెంటు అద్దెకి తీసుకుంటే, లీజు కాగితాలతోపాటు ఇంకో ఫారమూ, ఓ చిన్న పుస్తకమూ చేతిలో పెట్టారు. ఈ ఇల్లు 1978కి ముందు కట్టింది, గోడల్లో సీసం ఉండొచ్చు, మీకు చెప్పాం, ఇక్కడ సంతకం పెట్టండి అని. ఆన్‌సైటుకి వెళ్ళినవాళ్ళు చాలామంది పెట్టే ఉంటారు, లైసెన్సు అగ్రిమెంటుకి 'ఐ యాక్సెప్ట్' కొట్టినట్టు. 1992లో చేసిన చట్టం ప్రకారం 1996 నుంచి ఇల్లు అమ్మేవాడైనా అద్దెకిచ్చేవాడైనా అది ఇచ్చి తీరాలి.

ఆ చట్టం దాకా నడిపించిన పరిశోధనల్లో పెద్దది హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే డాక్టరుది. పిల్లలకి రక్తపరీక్ష చేస్తే ఆ వారం సంగతి తెలుస్తుంది గానీ ఏళ్ళ తరబడి ఒంట్లో చేరిన సీసం లెక్క తెలియదు. సీసం కాల్షియం వేషం వేసుకుని ఎముకల్లో, పళ్ళల్లో దాక్కుంటుంది. ఆయన చేసిందేమిటంటే, బోస్టన్ దగ్గరి ఊళ్ళల్లో ఒకటీ రెండూ తరగతుల పిల్లల ఊడిపోయిన పాలపళ్ళు పోగుచేశాడు. పంటిలో సీసం ఎక్కువున్న పిల్లలకి ఐక్యూ తక్కువ, ధ్యాస తక్కువ. వీళ్ళెవరూ చూడ్డానికి రోగులు కారు, రోజూ బడికి వెళ్తున్నవాళ్ళే. 1979లో ఇది అచ్చయింది. సీసం పరిశ్రమ తరఫున పనిచేసిన నిపుణులు ఆయన లెక్కలు తప్పని ఫిర్యాదులు చేశారు, విచారణలు జరిగాయి, ఆయన మోసమేమీ చేయలేదని తేలింది. పిల్లలకి ఫర్వాలేదనదగ్గ సీసం మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతోంది.

మరి సీసం లేకపోతే గోడకి తెలుపెలా? ఆ జవాబు 1916 నాటికే వచ్చేసింది. నార్వేలో, అమెరికాలో టైటానియం డయాక్సైడు తయారీ మొదలైంది. కప్పడంలో సీసాన్ని మించినది, విషం కాదు. మన దేశంలో దీనికోసం తిరువనంతపురంలో ట్రావన్‌కోర్ టైటానియం కంపెనీ 1946లో పుట్టింది. దాని ముడిసరుకు ఇల్మనైటు కేరళ తీరంలోనే కాదు, మన భీమిలి, కళింగపట్నం, భావనపాడు ఇసుకలో కూడా ఉంది. బీచిలో కాళ్ళకంటుకునే ఆ నల్ల ఇసుకలోంచే ఇంత తెలుపు! ఆ తర్వాత 1948లో అమెరికాలో గ్లిడెన్ కంపెనీ నీళ్ళతో కలిపే పెయింటు బజార్లోకి తెచ్చింది. మనం ఇప్పుడు ఎమల్షన్ అంటున్నదానికి తాతగారు. నూనెతో పని లేదు కాబట్టి, నూనె త్వరగా ఆరడానికి కలిపే సీసపు మందుతో కూడా పని లేదు.

అంటే 1950ల నాటికే సీసం లేకుండా మంచి పెయింటు చేయడం ఎలాగో తెలుసు. మరి మన దగ్గరేమైంది?

మన దేశంలో పెయింటు పరిశ్రమ 1902లో హౌరా దగ్గర షాలిమార్‌తో మొదలైందంటారు. 1942లో యుద్ధం వల్ల దిగుమతులు ఆగిపోతే, బొంబాయిలో నలుగురు స్నేహితులు ఏషియన్ పెయింట్స్ పెట్టారు. 1954లో ఆర్కే లక్ష్మణ్ వాళ్ళకి గట్టు బొమ్మ గీసిచ్చాడు. 1985లో పటాన్‌చెరులో, 2019లో విశాఖ దగ్గర ఫ్యాక్టరీలు వచ్చాయి. సున్నం పోయి డిస్టెంపరు, అది పోయి ఎమల్షన్. గోడల వరకూ కథ బాగానే నడిచింది. మనకి చిక్కంతా ఎనామెల్‌తోనే. తలుపులు, కిటికీలు, గ్రిల్సు, గేట్లు, మంచాలు, ఉయ్యాలలు... సరిగ్గా పిల్లలు పట్టుకునేవి. అందులోనూ పసుపు, నారింజ రంగులు. ఆ పసుపు చాలాకాలం లెడ్ క్రోమేట్, అంటే సీసమే.

ఇక్కడ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మన గడప. ఒకప్పుడు శుక్రవారం శుక్రవారం గడప కడిగి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవాళ్ళు. ప్రతివారం ఎవరు రాస్తారని మధ్యలో ఎప్పుడో పసుపు ఎనామెల్ వేసి, ఎర్ర ఎనామెల్‌తో బొట్లు పెట్టేయడం మొదలైంది. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. పాకే పిల్లాడు ముందు పట్టుకునేది గడపనే, దాటగానే నోట్లో పెట్టుకునేది ఆ చేతినే. యాంటిసెప్టిక్ అని మనం గొప్పగా చెప్పుకునే పసుపు తీసేసి ఆ స్థానంలో సీసం పూశాం.

ఇది ఊహ కాదు. 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో చైనా, ఇండియా, మలేసియాల్లో షాపుల్లో కొన్న కొత్త ఇంటి పెయింట్లు పరీక్షిస్తే, మూడింట రెండొంతుల శాంపిల్సులో సీసం పదిలక్షల భాగాలకి 5000 భాగాలు లేదా అంతకన్నా ఎక్కువ తేలింది. అప్పటి అమెరికా పరిమితి 600. పక్కనే ఉన్న సింగపూర్‌లో 5000 చేరిన శాంపిల్ ఒక్కటీ లేదు. చట్టం ఉన్నచోట సీసం లేదు, లేనిచోట ఉంది. పెట్రోల్లోంచి సీసం 2000లో తీసేసిన మనం, పెయింటు సంగతి కంపెనీల ఇష్టానికి వదిలేశాం. చివరికి 2016 నవంబర్ 1న కేంద్రం నిబంధనలు ప్రకటించింది, 2017 నవంబర్ 1 నుంచి ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని. ఇందాక గుర్తుపెట్టుకోమన్న 1921కీ దీనికీ మధ్య 96 ఏళ్ళు.

కాబట్టి ఇప్పుడు షాపులో "మంచి క్వాలిటీ" అడిగేటప్పుడు నేను మెరుపు, వారంటీ కన్నా ముందు డబ్బా వెనక్కి తిప్పి, సీసం 90 పీపీఎం మించదని రాసుందా లేదా చూస్తాను. అలా రాయాలని ఆ నిబంధనల్లోనే ఉంది. పెద్ద కంపెనీల ఎమల్షన్‌కి బెంగ అక్కర్లేదు. గేటుకి, గడపకి సందులో షాపులో పేరు తెలియని ఎనామెల్ కొంటున్నప్పుడే చూడాలి. 2017 తర్వాత కూడా ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ పరీక్షల్లో చిన్న బ్రాండ్లు కొన్ని పరిమితి దాటి దొరికాయి.

కొత్త డబ్బా సంగతి అది. పాత ఇల్లు కొన్నవాళ్ళ గొడవ వేరు. ఎప్పుడో రాసిన లెగసీ కోడు మీద కొత్త స్క్రీను పెట్టినట్టు, మన తలుపుల మీద 1985 నాటి పొర, 1998 నాటి పొర, 2010 నాటి పొర అలాగే ఉన్నాయి. పైన కొత్త పెయింటు గట్టిగా ఉన్నంతకాలం అవేమీ చేయవు. అసలు ప్రమాదం "నీటుగా రావాలంటే మొత్తం గీకెయ్యాలి సార్" అని ఉప్పుకాగితం పెట్టి పొడిగా రుద్దే రోజున వస్తుంది. ముప్ఫై ఏళ్ళ పొరలన్నీ ఒక్క పూటలో దుమ్మయి నేల మీద, పరుపుల మీద, వంటింట్లో పడతాయి. ఆ పని జరిగే రోజుల్లో చిన్నపిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్ళనీ వేరేచోట ఉంచడం మేలు. తలుపుల్ని నీళ్ళతో తడిపి రుద్దమనండి, కాస్త ఎక్కువ కూలీ అడిగితే ఇవ్వండి. రాలినదాన్ని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిపించండి. మేస్త్రికి ఒక మంచి మాస్కు మీరే కొనివ్వండి. మన ఇంట్లో ఆ దుమ్ము రెండ్రోజులుంటుంది, ఆయన జేబురుమాలు కట్టుకుని ఏడాదంతా అందులోనే ఉంటాడు, సాయంత్రం అదే చొక్కాతో ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకుంటాడు.