కథల పుస్తకానికి బుకరా? మన దగ్గర 1952లోనే మొదలైన ముచ్చట

ఈ ఎపిసోడ్ శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో, కారులో కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మా దోస్తు ఫ్లైట్ లేటు. ఈలోపు ఒక పాత ముచ్చట చెప్తా.

2025 ఏప్రిల్‌లో ఇంటర్నేషనల్ బుకర్ షార్ట్‌లిస్ట్ వచ్చింది. మొత్తం ఆరు పుస్తకాలు. అందులో ఒకటి కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ గారి 'హార్ట్ ల్యాంప్'. పన్నెండు కథల పుస్తకం. అది చూసి మా గ్యాంగ్‌లో మొదటి మాట: "కథలకెందుకు ఇస్తార్రా, నవలకే ఇస్తారు." నిజం చెప్పాలంటే నేనూ తలూపా. కథ అంటే నవల రాసే ముందు చేసే నెట్ ప్రాక్టీస్ అనుకునేవాణ్ణి. మే 20న ఆ పుస్తకమే గెలిచింది. ఈ ప్రైజ్ ఒక కథల సంపుటికి రావడం అదే ఫస్ట్ టైమ్.

అప్పుడు రెండో మాట వచ్చింది: "పక్క రాష్ట్రానికి వచ్చింది, మనకెప్పుడు?" ఆ ప్రశ్న పట్టుకుని నేను వెనక్కి వెళ్లా.

1952. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కు రెండో బహుమతి వచ్చింది. ఒకే ఒక్క కథకు! రైల్లో బయల్దేరిన ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె, ఒక తుఫాను రాత్రి. ఇంతకన్నా చెప్పను, మీరే చదవండి. మరి ఆయన కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఎప్పుడొచ్చిందో తెలుసా? 1985లో. అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్లయింది. లిస్టులు లేటుగా వస్తాయి ఫ్రెండ్స్, కథ అప్పటిదాకా ఆగదు.

1995లో కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞంతో తొమ్మిది'కి అదే అవార్డు వచ్చింది. అదీ కథల పుస్తకమే. మన కారా మాస్టారు ఆ డబ్బును మళ్లీ కథలకే పెట్టారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగు కథలన్నీ ఒకచోట దాచే ఇల్లు అది. అందులోని పాత కథలు ఇప్పుడు మీ ఫోన్‌లోనే చదవొచ్చు.

మరి లోటు ఎక్కడుంది? ఇంటర్నేషనల్ బుకర్ ఇంగ్లీషులోకి అనువాదమై, బ్రిటన్‌లోనో ఐర్లాండ్‌లోనో అచ్చయిన పుస్తకాలకే ఇస్తారు. ప్రైజ్ మనీ 50,000 పౌండ్లు. అందులో సగం అనువాదకురాలు దీపా భస్తి గారిది. అనువాదం లేని కథ మన ఊళ్లో ఎంత గొప్పదైనా, పాస్‌పోర్ట్ లేని ప్యాసింజర్ లాంటిది.

మెహిదీపట్నం నుంచి ఇటు వస్తుంటే మనం ఎక్కే ఫ్లైఓవర్ పేరు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కదా. ఆ పీవీ నరసింహారావు గారు 1949లో 'విజయ' అనే కలంపేరుతో 'గొల్ల రామవ్వ' అనే కథ రాశారు. విశ్వనాథ వారి 'వేయిపడగలు'ను హిందీలోకి అనువదించారు కూడా. ఒక కథకుడి, ఒక అనువాదకుడి పేరున్న రోడ్డు మీదుగా రోజూ ఎయిర్‌పోర్ట్‌కి వస్తూ, ఆ సంగతే నాకు ఇన్నేళ్లు తెలీదు!

కాబట్టి "మనకెప్పుడు?" అని అడిగే ముందు, ఈ వారం ఒక్క తెలుగు కథ చదవండి. మీలో ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లు ఒక్క పేజీ అనువాదం చేసి చూడండి. నేనూ మొదలుపెట్టా, రెండు పేరాలకే చెమటలు పట్టాయి.

సరే, దోస్తు ల్యాండ్ అయ్యాడంట. ఉంటా మరి.