అద్దె ఇళ్ల సెక్యూరిటీ డిపాజిట్టు – స్వీకరణ, మినహాయింపులు, వాపసు

ఉద్యోగం, చదువు, వ్యాపారం నిమిత్తం పట్టణాలకు వచ్చే కుటుంబాలు ఇల్లు అద్దెకు తీసుకొనే సమయంలో నెల అద్దెతో పాటు కొంత మొత్తాన్ని యజమానికి ముందుగా చెల్లించడం ఆనవాయితీగా వస్తున్నది. వాడుకలో అడ్వాన్సుగా వ్యవహరించే ఈ సొమ్మునే ఒప్పంద పత్రాలలో సెక్యూరిటీ డిపాజిట్టుగా పేర్కొంటారు. ఇల్లు ఖాళీ చేసే రోజున ఈ సొమ్ము వాపసు విషయమై యజమానులకు, అద్దెదారులకు మధ్య తరచుగా వివాదాలు తలెత్తుతున్నాయి. రంగుల ఖర్చు పేరిట ఒక నెల అద్దె మినహాయించుకోవడం, కొత్తగా వచ్చేవారు అడ్వాన్సు ఇచ్చిన తర్వాతనే పాతవారికి చెల్లిస్తామనడం వీటిలో ముఖ్యమైనవి.

డిపాజిట్టు యజమాని ఆదాయం కాదు. అద్దె బకాయిలకు, ఇంటికి కలిగే నష్టానికి పూచీగా యజమాని వద్ద ఉంచిన అద్దెదారుని సొమ్ము మాత్రమే. డిపాజిట్టు గరిష్ఠ పరిమితి వర్తించే చట్టాన్ని బట్టి మారుతుంది. అయితే న్యాయమైన బకాయిలు పోగా మిగిలినది తిరిగి చెల్లించవలసిందే.

1960 చట్టంలోని నిబంధన

ఉమ్మడి రాష్ట్రంలో అమలులోకి వచ్చిన 1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయించుట) నియంత్రణ చట్టం 7వ సెక్షను ప్రకారం యజమాని ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకొనరాదు. అంతకు మించి తీసుకొన్న మొత్తాన్ని వాపసు చేయవలెను లేదా అద్దెలో సర్దుబాటు చేయవలెను. గూడూరుకు చెందిన ఒక హోటల్ కేసులో సుప్రీంకోర్టు 1989లో ఇచ్చిన తీర్పు ఇక్కడ గమనార్హం. చట్టం అనుమతించిన దానికి మించిన అడ్వాన్సు యజమాని వద్దనే నిల్వ ఉండగా, అద్దె బకాయి పడ్డారన్న కారణంతో అద్దెదారుని ఖాళీ చేయించడం చెల్లదని ఆ తీర్పు స్పష్టం చేసింది.

అయితే ఈ చట్టం అన్ని ఇళ్లకు వర్తించదు. 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు రూ.3,500, ఇతర ప్రాంతాలలో రూ.2,000 మించిన అద్దె గల భవనాలు దీని పరిధిలోకి రావు. నేటి అద్దెలను బట్టి చూస్తే నగరాలలోని అధిక భాగం ఇళ్లు ఈ పరిధికి వెలుపలనే ఉన్నాయి. అటువంటి ఇళ్ల విషయంలో 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, ఉభయుల మధ్య కుదిరిన ఒప్పందమే ఆధారం. కాగా, ఆంధ్రప్రదేశ్ 2017లో నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దెలకు సంబంధించి ప్రత్యేక చట్టాన్ని రూపొందించుకొన్నది.

నమూనా అద్దె చట్టం

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో డిపాజిట్టుకు నిర్దిష్టమైన పరిమితి కలదు. నివాస గృహాలకు 2 నెలల అద్దెకు, నివాసేతర ప్రాంగణాలకు 6 నెలల అద్దెకు మించరాదు. ఖాళీ ఇంటిని యజమాని స్వాధీనం చేసుకొన్న తేదీననే, అద్దెదారు చెల్లించవలసినవి మినహాయించి, మిగిలిన డిపాజిట్టు వాపసు చేయవలసి ఉంటుంది. కొత్త అద్దెదారు వచ్చే వరకు వేచి ఉండవలెనన్న మాట ఇందులో లేదు.

ఇది రాష్ట్రాలకు మార్గదర్శకంగా రూపొందించిన నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకొన్నప్పుడే అమలులోకి వస్తుంది. అందువల్ల “2 నెలల పరిమితి” దేశమంతటా అమలులో ఉన్నదని భావించడం సరికాదు.

ఏవి మినహాయించవచ్చు?

అద్దెదారు ఇంటిని తీసుకొన్న స్థితిలోనే తిరిగి అప్పగించవలెనని, అయితే సహజమైన అరుగుదల, తరుగుదలకు బాధ్యుడు కాడని ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను చెబుతున్నది. గోడల రంగు వెలిసిపోవడం సహజ తరుగుదల. కిటికీ అద్దం పగలడం నష్టం. నమూనా చట్టం రెండవ షెడ్యూలు గోడలకు సున్నం వేయించడం, తలుపులు, కిటికీలకు రంగులు వేయించడం, నీటి గొట్టాల మార్పు, విద్యుత్ వైరింగ్ పనులను యజమాని బాధ్యతగాను. కుళాయిలు, స్విచ్చులు, గీజరు, తలుపుల గడియలు, తాళాలు, అద్దాల మరమ్మతులను అద్దెదారు బాధ్యతగాను విభజించింది. ఒప్పందంలో వేరుగా వ్రాసుకొన్న పక్షంలో ఆ షరతును కూడా పరిగణించవలసి ఉంటుంది గనుక సంతకానికి ముందే రంగుల షరతును చదువుకోవడం మంచిది.

ఉదాహరణకు, నెలకు రూ.10,000 అద్దెపై రూ.20,000 డిపాజిట్టు చెల్లించిన కుటుంబం ఖాళీ చేసే నాటికి విద్యుత్ బిల్లు రూ.1,450 బకాయి ఉండి, పగిలిన అద్దానికి రూ.800 ఖర్చయిందనుకొంటే, వాపసు చేయవలసినది రూ.17,750.

యజమానులు పాటించవలసినవి

– డిపాజిట్టు మొత్తం, వాపసు తేదీ, మినహాయింపుల వివరాలను ఒప్పందంలో స్పష్టంగా వ్రాయవలెను. ఏడాదికి మించిన కాలపరిమితి గల లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించవలెను.

– డిపాజిట్టును బ్యాంకు ద్వారా స్వీకరించి రశీదు ఇవ్వవలెను.

– ఇల్లు అప్పగించే రోజున, ఖాళీ చేసే రోజున గదుల స్థితి, మీటరు రీడింగు, సామగ్రి వివరాలను జాబితాగా వ్రాసి ఉభయులు సంతకాలు చేయవలెను. ఫొటోలు ఉంచుకోవడం మేలు.

– మినహాయించిన ప్రతి మొత్తానికి బిల్లు చూపవలెను.

– ఇల్లు విక్రయించినప్పుడు డిపాజిట్టు చెల్లించే బాధ్యత ఎవరిదో వ్రాతపూర్వకంగా తేల్చి అద్దెదారుకు తెలియజేయవలెను.

అద్దెదారులు కూడా ఒప్పందంలోని గడువు ప్రకారం ముందుగా నోటీసు ఇవ్వవలెను. ఒప్పందంలో గడువు లేని నెలవారీ అద్దెలకు 15 రోజుల నోటీసు అవసరం. యజమాని అంగీకారం లేకుండా చివరి నెల అద్దె ఎగవేసి డిపాజిట్టులో సర్దుకొమ్మనడం వివాదానికి దారితీస్తుంది.

వాపసు రాని పక్షంలో

అద్దెదారు తొలుత లెక్కలతో కూడిన వ్రాతపూర్వక నోటీసును స్పీడ్ పోస్టులో పంపవలెను. అప్పటికీ పరిష్కారం కాకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం, కోర్టులో దావా వేయక ముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకొనే వీలున్నది. ఉభయుల అంగీకారంతో వెలువడే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం; దానిపై అప్పీలు లేదు. రాజీ కుదరని పక్షంలో సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. సొమ్ము వసూలు దావాలకు సాధారణంగా 3 సంవత్సరాల కాలపరిమితి ఉన్నందున జాప్యం తగదు.

చిరుద్యోగి కుటుంబానికి పాత ఇంటి డిపాజిట్టు చేతికి వస్తే గాని కొత్త ఇంటికి అడ్వాన్సు సమకూరదు. తాళం చెవులు అందుకొన్న రోజుననే లెక్క తేల్చి మిగిలిన సొమ్ము చెల్లించడం యజమాని ధర్మం. ఆ లెక్కకు ఆధారాలు ఒప్పందం, జాబితా, రశీదులే.