సార్వత్రిక విశ్వవిద్యాలయ అర్హత పరీక్ష

పదో తరగతి, ఇంటర్మీడియట్ సర్టిఫికెట్లు లేనివారిని నేరుగా డిగ్రీలో చేర్చుకోవడానికి హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నిర్వహించిన పరీక్ష. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైన ఈ సంస్థ దేశంలో ఈ తరహాలో మొదటిది. 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. తొలి ఉపకులపతి జి. రామ్‌రెడ్డి 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి (ఇగ్నో) కూడా తొలి ఉపకులపతి అయ్యారు.

పరీక్ష రాయడానికి 18 ఏళ్లు నిండితే సరిపోయేది. ఏ బడిలో చదివారు, ఎందుకు మానేశారు అన్న ప్రశ్నే ఉండేది కాదు. ర్యాంకుల పోటీ ఉండేది కాదు, ఉత్తీర్ణులైతే సరిపోయేది. చేరినవారు తెలుగు మాధ్యమంలో అచ్చయిన పాఠ్యపుస్తకాలు ఇంటి దగ్గరే చదువుకునేవారు. ప్రభుత్వ కళాశాలల్లో అధ్యయన కేంద్రాలు ఉండేవి, తరగతులు ఆదివారాల్లో జరిగేవి. కూలికి, కొలువుకు వెళ్లేవాళ్లకు ఆ ఒక్క ఏర్పాటే పెద్ద ఆసరా. పెళ్లితో చదువు ఆగిపోయిన ఆడవాళ్లకు ఈ పరీక్ష డిగ్రీకి సూటి దారి అయింది.