బొంత

పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, పైనుంచి అడుగుదాకా దారం దింపి కుడితే బొంత. సంస్కృతంలో కంథ; బెంగాలీల కాంథా ఆ మాటే. ఇంగ్లీషు క్విల్ట్‌కు మూలం లాటిన్ కుల్కిటా, అంటే పరుపు. పరుచుకునేదాని పేరు కప్పుకునేదానికి వచ్చిందన్నమాట. మన బొంతకు ఈ తగవు లేదు: చలికి కప్పుకో, చాపమీద పరుచుకో, పసిపిల్లకు పక్క వెయ్యి.

బొంత అనగానే ముందు ‘అతుకుల’ వచ్చి చేరుతుంది. పొసగని పార్టీలు కలిసి సర్కారు కడితే పత్రికలు అతుకుల బొంత అని తేల్చేస్తాయి. కుట్టేవాళ్లు ఈ వెక్కిరింతను ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. అతుకు దగ్గర గుడ్డ మందం. ముందు చిరిగేది నడిమి గుడ్డే.

ఈమధ్య మొదటిసారి ‘క్విల్ట్ యాజ్ యు గో’ పద్ధతి పట్టాను. ముక్కబొంత అని నేనే పేరు పెట్టుకున్నాను. అమెరికాలో జార్జియా బోన్‌స్టీల్ 1980ల్లో టీవీ పాఠాలతో, ఒళ్లో పెట్టుకుని ముక్కముక్కగా కుట్టే ఈ తరహాకు పేరు తెచ్చింది. పైగుడ్డ, దూది పొర, అస్తరు, ఒక్కో ముక్కకూ ఈ మూడింటినీ కలిపి ముందే కుట్టేస్తాం, జతచేయడం తర్వాత. బొంతనంతా చుట్టచుట్టి మిషన్‌లో దూర్చే బాధ తప్పింది. తంటా అంతా జోడింపులోనే: అంచుల్లో దూది కత్తిరించి, వెనక అస్తరు మడిచి, చేత్తో కుట్టాలి. దూది మిగిలితే అతుకు గట్టులా లేచి వీపుకు తగులుతుంది.