కాకతీయుల సముద్రనీతి: ఖిల్లా ఘణపురం – మోటుపల్లి సంబంధ పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగువారి నౌకాచరిత్రను సాధారణంగా రేవుపట్టణాల నుంచీ, యుద్ధాల నుంచీ చెప్పడం అలవాటు. కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనాన్ని, అదే చక్రవర్తి పేరును ధరించిన మెట్టసీమ దుర్గం ఖిల్లా ఘణపురంతో కలిపి చదివితే ఈ చరిత్రకు వేరొక ముఖం కనిపిస్తుంది. సముద్రంపై అధికారమంటే నౌకలను ముంచగల శక్తి మాత్రమే కాదు, మునిగిన నౌకలోని సొత్తును దాని యజమానికే విడిచిపెట్టగల నిగ్రహం కూడా అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉపోద్ఘాతం

నేటి తెలుగు పాఠకునికి నౌకాచరిత్ర అనగానే విశాఖపట్టణం గుర్తుకు వస్తుంది. 1968 మార్చి 1న ఏర్పడిన తూర్పు నౌకాదళ కమాండ్, 1971 డిసెంబరు 3–4 నడిమి రాత్రి విశాఖ తీరానికి చేరువలో మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ, ఆ యుద్ధ విజయానికి గుర్తుగా సాగరతీరాన నిలిచిన స్మారకం, 2002లో ప్రదర్శనశాలగా మారిన కుర్సురా జలాంతర్గామి ఈ జ్ఞాపకానికి ఆనవాళ్లు. ఏటా డిసెంబరు 4న జరిగే నౌకాదళ దినోత్సవం, విశ్రాంత నావికుల సమావేశాలు దానిని సజీవంగా ఉంచుతున్నాయి. ఈ స్మృతి గౌరవనీయమైనదే. అయితే దానికి రెండు పరిమితులున్నాయి. మొదటిది, యుద్ధమే నౌకాచరిత్రకు కేంద్రమన్న భావన. రెండవది, తీరం లేని తెలంగాణకు ఈ చరిత్రలో పాత్ర లేదన్న అభిప్రాయం. ఈ రెండింటినీ పునఃపరిశీలించడానికి పదమూడవ శతాబ్ది తగిన కాలం; వనపర్తి జిల్లాలోని ఖిల్లా ఘణపురం తగిన స్థలం.

గణపతిదేవుని పేరు మోసిన దుర్గం

రెండు కొండలను కలుపుతూ కట్టిన ఘణపురం కోటను గోన గణపరెడ్డి తన సార్వభౌముడైన గణపతిదేవుని పేర నిర్మించాడని చారిత్రక సంప్రదాయం. గణపురమే జనవ్యవహారంలో ఘణపురం, ఘణపూర్ అయింది. కోట కారణంగా ‘ఖిల్లా’ అనే మాట ముందు చేరింది. గోన వంశీయులకు నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నంది వడ్డెమాను, అంటే నాటి వర్ధమానపురం, రాజధాని. రంగనాథ రామాయణ కర్తృత్వంతో ముడిపడిన గోన బుద్ధారెడ్డి, రుద్రమదేవి సేనానిగా ప్రసిద్ధుడైన గోన గన్నారెడ్డి ఈ వంశంవారే. 1294 నాటి రాయచూరు కోట శాసనం గన్నారెడ్డి పక్షాన విఠలనాథుడు చేయించిన దుర్గనిర్మాణాన్ని చెబుతుంది. అక్కడి భారీ శిలను బండిపై తరలించిన దృశ్యం కూడా గోడపై చెక్కి ఉంది. కృష్ణా–తుంగభద్రల నడుమ దేశానికి కాపలాగా నిలిచిన ఈ సామంతులది ప్రధానంగా కొండకోటల, అశ్వబలాల ప్రపంచం.

ఘణపురం నుంచి మోటుపల్లి నేరుగా లెక్కిస్తే సుమారు 250 కిలోమీటర్ల దూరం. ఈ దూరం సంబంధం లేకపోవడానికి నిదర్శనం కాదు. కోట పేరు ఏ రాజును స్మరిస్తున్నదో, రేవులో అభయమిచ్చినదీ ఆ రాజే. ఒకే పాలనలో కొండపై దుర్గం, కడలి ఒడ్డున రేవు రెండు కొసలు. ఆ రెంటి నడుమ సాగిన రాకపోకలను గుర్తించడమే చరిత్రకారుని పని.

గణపతిదేవునికి ముందు తీరం

కాకతీయులు చేరేనాటికే ఆంధ్రతీరానికి దీర్ఘమైన నౌకానుభవం ఉంది. శాతవాహనుల సీసపు నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. ఘంటసాల ప్రాకృత శాసనం ‘మహానావికు’డైన శివకుని పేర్కొంటుంది. క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన పెరిప్లస్ గ్రంథం మసాలియా ప్రాంతపు సన్నని నూలుబట్టలను ప్రస్తావిస్తుంది. టోలమీ భూగోళం సువర్ణభూమికి వెళ్లే ఓడలు తీరాన్ని విడిచే స్థానాన్ని ఈ ప్రాంతంలోనే చూపుతుంది.

ఈ తీరానికి సహజమైన లోతు రేవులు తక్కువ. ఓడలు దూరంగా లంగరు వేస్తే సరకులను కుట్టుపలకల మసులా పడవలలో కెరటాలపై ఒడ్డుకు చేర్చవలసి వచ్చేది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. 1839లో కోరంగిని, 1864లో మచిలీపట్టణాన్ని, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలు ఈ తీరపు స్వభావాన్ని తెలుపుతాయి. ఇటువంటి చోట ఓడ పగలడం అరుదైన ప్రమాదం కాదు, ప్రతి నావికుడూ ముందుగా లెక్కలో వేసుకోవలసిన సంభవం. మోటుపల్లి శాసనం పరిష్కరించబూనినది సరిగ్గా ఈ సమస్యనే.

1199లో సింహాసనమెక్కిన గణపతిదేవుడు 1201 ప్రాంతంలో తీరదేశంపై దండెత్తి బెజవాడను, దివిసీమను లోబరుచుకున్నాడు. ఓడిన అయ్య వంశీయుడు పినచోడిని నిర్మూలించలేదు. అతని కుమార్తెలు నారమ, పేరమలను వివాహమాడి, కుమారుడు జాయపను తన కొలువులో చేర్చుకున్నాడు. గజసాహిణిగా సేవచేసిన ఆ జాయపసేనానియే నృత్తరత్నావళి కర్త. దివి వంటి ద్వీపదేశపు పాలకులను బంధువులుగా, అధికారులుగా మార్చుకోవడం వలన తీరంపై కాకతీయాధికారం దండయాత్రతో ముగిసిపోక పాలనగా స్థిరపడింది.

అభయశాసనం: విషయ విశ్లేషణ

మోటుపల్లి నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని గ్రామం. అక్కడి వీరభద్రాలయంలోని స్తంభంపై ఉన్న శాసనం శక సంవత్సరం 1166 క్రోధి, అనగా క్రీ.శ. 1244–45 నాటిది. హుల్ట్‌జ్ దీనిని ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండవ సంపుటంలో పరిష్కరించి ప్రకటించాడు. ఊరికి ‘దేశియుయ్యక్కొండపట్టణ’మనే మారుపేరును శాసనమే ఇస్తుంది. దేశి వర్తకులను కాపాడిన పట్టణమని సూచించే ఈ తమిళచ్ఛాయగల పేరు, రేవులో పలు ప్రాంతాల వర్తకుల ఉనికిని తెలుపుతుంది.

శాసనసారాన్ని మూడు అంశాలుగా విడదీయవచ్చు. మొదటిది పూర్వాచార నిరసన. ఒక దేశం నుంచి మరొక దేశానికి పోతూ గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవాటిని పూర్వపు రాజులు బలవంతంగా తీసుకొనేవారని శాసనం నిర్మొహమాటంగా చెబుతుంది. రెండవది అభయం. ప్రాణం కంటె ధనమే ఎక్కువని తలచి సముద్రయానపు అపాయానికి ఒడిగట్టిన వర్తకులపై కృపతో, కీర్తిధర్మాల నిమిత్తం, నియతమైన సుంకం తప్ప తక్కినదంతా వారికే విడిచిపెడుతున్నట్లు రాజు ప్రకటించాడు. మూడవది సుంకపు పట్టిక. ఎగుమతి దిగుమతులపై ముప్పయ్యింట ఒక వంతు సుంకం. ఆపైన చందనం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, తగరం, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు మొదలైనవాటికి వేర్వేరు రేట్లు.

ఈ సుంకానికి ‘క్లుప్తశుల్కం’, ‘కూపశుల్కం’ అనే రెండు రూపాలూ పరిశోధకుల రచనలలో కనిపిస్తాయి. క్లుప్తమంటే ముందే నిర్ణయించినది; కూపకమంటే తెరచాప కొయ్య. మొదటి అర్థం సుంకపు స్వభావాన్ని, రెండవది దాని ఆధారాన్ని చెబుతుంది. ఏ పాఠాన్ని గ్రహించినా శాసనపు సారాంశం మారదు. అధికారి ఇష్టానుసారం వసూలు చేసే పన్ను స్థానంలో, వర్తకుడు రేవు చేరకముందే లెక్కగట్టగల పన్ను వచ్చింది.

ముప్పయ్యింట ఒక వంతు: దయ వెనుక లెక్క

శాసనం దయను, ధర్మాన్ని, కీర్తిని పేర్కొన్నది కనుక దానిని కేవలం రాజౌదార్యంగా స్తుతించడం పరిపాటి. కేవలం ఆర్థిక స్వార్థంగా తీసివేయడం మరొక కొస. శాసనంలోని సంఖ్యయే ఈ రెంటినీ సమన్వయిస్తుంది. పగిలిన ఓడలోని సొత్తునంతా పట్టుకొంటే రాజుకు ఒక్కసారి మొత్తం దక్కుతుంది. అంతే విలువగల ఓడలపై ముప్పయ్యింట ఒకటి చొప్పున సుంకం వసూలుచేస్తే, ఆ మొత్తం రావడానికి 30 ఓడలు క్షేమంగా రేవు చేరాలి. కనుక జప్తును వదులుకొన్న రాజు, చేతికందిన ఒక్క ఓడకు బదులు రాబోయే 30 ఓడలపై నమ్మకముంచాడు. ఆ 30 ఓడలు రావాలంటే వర్తకులు రాజును నమ్మాలి. వారి నమ్మకానికి హామీగా ఆ మాట రేవులోనే, దేవాలయంలో, రాతిపై నిలిచింది.

రేవు ఆదాయం దీర్ఘకాలికంగా పెరగడానికి రాజు తన తక్షణాధికారాన్ని తానే కుదించుకొన్నాడు. బలహీనుడైన పాలకుడు ఇటువంటి నిగ్రహాన్ని అమలుచేయలేడు. తీరంలోని సామంతులు, రేవు అధికారులు, ఒడ్డున సొత్తును ఏరుకొనేవారు అందరూ ఆజ్ఞకు లోబడినప్పుడే అభయం అభయమవుతుంది. కాకతీయుల సముద్రాధికారానికి కొలమానం యుద్ధనౌకల సంఖ్య కాదు, ఈ ఆజ్ఞను ప్రకటించి నిలబెట్టుకోగల పాలనాశక్తి.

సమకాలిక ప్రపంచంతో తులన

పగిలిన ఓడ సొత్తు తీరాధిపతిదేనన్న ఆచారం ఆంధ్రతీరానికే పరిమితం కాదు. మధ్యయుగపు ఐరోపాలోనూ అది బలంగా ఉండేది. 1179లో జరిగిన మూడవ లాటరన్ మహాసభ, ఓడ పగిలి నష్టపోయిన క్రైస్తవులను దోచేవారిని మతబహిష్కృతులను చేయాలని నిర్ణయించింది. అక్కడ రక్షణ ఒక మతంవారికి, శిక్ష మతాధికారం నుంచి. మోటుపల్లిలో రక్షణకు మతభేదం గాని, దేశభేదం గాని నియమం కాలేదు. హామీ ఇచ్చినది రాజ్యం.

మలబారు తీరంలోని ఏలి రాజ్యంలో, వేరే రేవుకు పోవలసిన ఓడ దారితప్పి వస్తే దైవమే పంపిందంటూ సరకులను స్వాధీనపరచుకొనేవారని మార్కోపోలో వ్రాశాడు. 1442లో కాలికట్టుకు వచ్చిన అబ్దుర్ రజాక్, ఇతర రేవులలో ఇటువంటి జప్తు ఉన్నదనీ, కాలికట్టులో లేదనీ మెచ్చుకొన్నాడు. పదిహేనవ శతాబ్దిలోనూ ఒక విదేశీయుడు ప్రత్యేకంగా ప్రశంసించవలసినంత అరుదైన నీతిని గణపతిదేవుడు రెండు శతాబ్దాల ముందే శాసనబద్ధం చేశాడు.

రేవు నుంచి కొండకోటకు

పగిలిన ఓడల సొత్తులో ఏనుగులను, గుర్రాలను శాసనం ప్రత్యేకించి పేర్కొనడం గమనార్హం. దక్షిణదేశపు రాజ్యాలు ఏటా హోర్ముజ్, ఏడెన్ మొదలైన రేవుల నుంచి పెద్ద వెలకు గుర్రాలను తెప్పించుకొనేవని మార్కోపోలో మాబార్ వర్ణనలో ఉంది. మేలుజాతి అశ్వాలు పెరగని దేశంలో సైన్యబలం సముద్రమార్గంపై ఆధారపడక తప్పదు. పడమటి సరిహద్దున యాదవులను ఎదుర్కొన్న కాకతీయ సామంతులకు అశ్వబలం ప్రాణావసరం. ఈ దృష్టితో చూస్తే ఘణపురం వంటి దుర్గాల సామర్థ్యానికి, మోటుపల్లి వంటి రేవుల క్షేమానికి సంబంధం స్పష్టమవుతుంది. తీరంలో ఓడకు లభించిన అభయం మెట్టసీమలో సైన్యానికి బలం.

మార్కోపోలో ‘ముత్‌ఫిలి’గా పేర్కొన్న రాజ్యం మోటుపల్లి పేరుమీదనే ప్రసిద్ధి పొందింది. విదేశీయునికి రాజధాని ఓరుగల్లు కాక రేవు పేరే దేశనామంగా తోచడం, ఆ రేవు ఖ్యాతికి నిదర్శనం. అక్కడి వజ్రాలను, సాలెగూడు వంటి సన్నని వస్త్రాలను, న్యాయపరురాలైన రాణిని అతడు ప్రశంసించాడు. ఆ రాణిని దివంగతుడైన రాజు భార్యగా చెప్పడం పొరపాటు. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి. ఆమె మరణాన్ని చందుపట్ల శాసనం 1289లో నమోదుచేసింది.

ఇక్కడ మరొక భాషాసాక్ష్యం ఉంది. ఖిల్లా ఘణపురం చెరువు పేరు గణపసముద్రం. మెట్టసీమలో పెద్ద చెరువును ‘సముద్ర’మనడం కాకతీయయుగంలో విస్తృతంగా ఉన్న వ్యవహారం. దానిని అతిశయోక్తిగా మాత్రమే చూడనవసరం లేదు. చెరువు తవ్వించడం సప్తసంతానాలలో ఒకటి. నీటిని నిలపడం రాజధర్మం. చెరువు కట్ట తెగకుండా కాపాడటం, రేవులో సొత్తు దోపిడీ కాకుండా కాపాడటం రెండూ ఒకే ధర్మభావన నుంచి వచ్చిన పనులు. వానమీద ఆధారపడిన రైతుకూ, గాలిమీద ఆధారపడిన నావికునికీ రాజు ఇవ్వగలిగినది ఒక్కటే: ప్రకృతి వలన కలిగిన నష్టానికి మనుషుల దోపిడీ తోడు కాదన్న హామీ.

శాసనపు ఉత్తరచరిత్ర

1323లో ఓరుగల్లు పతనమైనా మోటుపల్లి నీతి అంతరించలేదు. శకవర్షం 1280, అనగా క్రీ.శ. 1358లో అనపోతారెడ్డి అదే రేవులో మరొక శాసనం వేయించాడు. వచ్చిన వర్తకులకు నివాసభూములు, ఇష్టమైనప్పుడు విడిచిపోయే స్వేచ్ఛ, సంతానం లేనివారి సొత్తును రాజు తీసుకొనే అపుత్రికదండం నుంచి మినహాయింపు అందులోని ముఖ్యాంశాలు. రాజవంశం మారినా అభయం కొనసాగడం, అది ఒక రాజు గుణంగా కాక రేవు ధర్మంగా స్థిరపడిందని తెలుపుతుంది. ఆధునిక భారతంలో 1958 నాటి వాణిజ్య నౌకాచట్టం, పగిలిన ఓడల సొత్తును భద్రపరచి హక్కుదారుకు అప్పగించేందుకు ప్రత్యేకాధికారులను నియమించింది. ఈ చట్టం మోటుపల్లి నుంచి వచ్చినది కాదు. కాని రెండింటి ముందున్న ప్రశ్న ఒకటే.

తెలంగాణ మెట్టభూమి మళ్లీ సముద్రంతో ముడిపడుతున్నది. వికారాబాద్ జిల్లా దామగుండంలో నౌకాదళ అతి తక్కువ పౌనఃపున్య ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. నీటిలో మునిగి ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే ఈ కేంద్రానికి తీరం అవసరం లేదు. అక్కడి అడవిపై స్థానికులు వ్యక్తంచేసిన ఆందోళన కూడా ఈ చరిత్రలో భాగమే. కడలి రక్షణకు మెట్టసీమ ఏమి ఇస్తున్నది, ప్రతిగా ఏమి పొందుతున్నది అన్నది పదమూడవ శతాబ్దిలో వలెనే నేడూ అడగవలసిన ప్రశ్న.

ముగింపు

ఖిల్లా ఘణపురాన్ని, మోటుపల్లిని కలిపి చదివినప్పుడు మూడు నిర్ణయాలు తేలుతాయి. తెలంగాణ దుర్గచరిత్ర, ఆంధ్రతీరపు నౌకాచరిత్ర వేర్వేరు అధ్యాయాలు కావు. కాకతీయుల సముద్రాధికారం ప్రధానంగా న్యాయరూపమైనది. నియతమైన సుంకం, వదులుకొన్న జప్తు దాని రెండు స్తంభాలు. నౌకాచరిత్ర రచనలో గెలిచిన యుద్ధాలతోపాటు కాపాడిన ఓడలకు కూడా స్థానముండాలి. యుద్ధనావికుల స్మృతిని పదిలపరచే స్మారకాల వరుసలో, పేరు తెలియని వర్తకనావికులకు అభయమిచ్చిన మోటుపల్లి స్తంభాన్ని కూడా చేర్చి చూసినప్పుడే తెలుగువారి నౌకాచరిత్ర సమగ్రమవుతుంది.