గాలపు కర్రకు కార్కు పిడి

సీసా బిరడాగా మనమెరిగిన కార్కు, చేపలు పట్టే గాలపు కర్రకు పిడిగానూ వన్నె తెచ్చింది. ఆ వన్నె వెనుక ఒక పొదుపు కథ ఉంది.

1840ల దశకంలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల పనివాడు వెదురు బద్దలను అతికించి గాలపు కర్రలు చేశాడు. ఆ కాలంలో పిడిని కొయ్యతోనో, పేము చుట్టో చేసేవారు. శతాబ్దం చివరినాటికి కార్కు వచ్చింది. అది తేలిక. తడిచేతిలో జారదు. చలిలోనూ చేతికి చల్లగా తగలదు. గాలి నిండిన అతి చిన్న గదులే అందుకు కారణం. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి ‘సెల్’ అని పేరు పెట్టింది వాటికే.

కార్కు అంటే పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో ఎక్కువగా పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. మొదటి ఒలుపుకు చెట్టుకు పాతికేళ్లు రావాలి. ఆ తర్వాత తొమ్మిదేళ్లకొకసారే ఒలుస్తారు. మంచి సరుకు మూడో ఒలుపు నుంచే. అందుకే గుంటలు లేని కార్కు అంత ప్రియం.

పనివారు అరంగుళం మందం బిళ్లలను వరుసగా జిగురుతో అతికి, లేతుపై తిప్పి, గరుకు కాగితంతో నునుపు చేస్తారు. గుంటలను కార్కు పొడి, జిగురు కలిపి పూడుస్తారు. బెరడు ముక్కలను అదిమి చేసిన ముదురు రంగు బిళ్లలు గట్టివి కనుక, అరిగిపోయే కొసల్లో వాటిని పెడతారు. ఆ రంగుల తేడాతోనే చారలు, గళ్లు కూర్చి పిడిని అలంకరిస్తారు.

బెరడు కోసం చెట్టును కొట్టనక్కరలేదు, అది మళ్లీ పెరుగుతుంది. బెరడుకు గిరాకీ ఉన్నన్నాళ్లూ ఆ తోపులకు కాపుదల ఉంటుంది. వృథాగా పోయే ముక్కతో పిడికి సొగసు తెచ్చే పనివాడు, ఆ చెట్టుకూ మేలు చేస్తున్నట్లే.